ముప్పై ఒక్కమంది గర్భిణులకు ఒకే ఫోన్ నంబరు

నేను పదవీ విరమణ చేసిన రోజు సన్మాన సభలో మాట్లాడినవాళ్ళంతా ఫోన్ల గురించే మాట్లాడారు. పల్లె ఆడవాళ్ళ ఆరోగ్యాన్ని సెల్‌ఫోన్‌లోకి ఎక్కించిన సూపర్‌వైజర్ అని ఒకరు, గర్భిణుల చెవి దగ్గరికే సర్కారును తీసుకుపోయిన మనిషి అని ఇంకొకరు. శాలువా కప్పుకుని కూర్చుని అన్నీ విన్నాను. అందులో సగం నిజమే. మిగిలిన సగం చెప్పే ధైర్యం ఆ రోజు నాకు చాలలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఇది కొత్తగా ఈ పనిలోకి వస్తున్న నర్సుల కోసం, ఆశా కార్యకర్తల కోసం, మరీ ముఖ్యంగా వాళ్ళ చేతుల్లో పెట్టే ఫోన్లకు ప్రోగ్రాములు రాసే పిల్లల కోసం. నా బదిలీలు, ప్రమోషన్లు, వాటి కోసం నేను తిరిగిన తిరుగుడు ఇందులో లేవు. ఒక పొరపాటు గురించి రాస్తాను. అది నాదే.

విమానాశ్రయం పక్కన

మాది బుద్వేల్. ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా చేరి, పదహారేళ్ళు సూదిమందుల సంచి భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగాక సూపర్‌వైజర్‌నయ్యాను. శంషాబాద్ నుంచి తుక్కుగూడ వరకు, అటు పహాడీ షరీఫ్ వరకు ఏ బస్తీలో ఏ కోడలికి ఎన్నో నెలో నోటికి చెప్పగలిగేదాన్ని. ఆ సంగతి మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

2008లో విమానాశ్రయం తెరిచాక ఈ ఊళ్ళ తీరు మారిపోయింది. జొన్నలు, కూరగాయలు పండించిన ఇళ్ళలోని మగవాళ్ళు క్యాబులు నడపడానికి, గోదాముల్లో సరుకు ఎత్తడానికి షిఫ్టు డ్యూటీలకు వెళ్ళడం మొదలుపెట్టారు. వాళ్ళతో పాటే ఇంటింటికీ ఫోన్ వచ్చింది. మా ఆఫీసు నివేదికల్లో కూడా ఆ వాక్యం ఉండేది: ప్రతి ఇంటికీ ఫోన్ ఉంది. ఆ ఒక్క ఫోనూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరి జేబులో ఉంటుందో ఏ నివేదికలోనూ ఉండేది కాదు.

ఫోన్ పథకం మా దగ్గరికి 2010 ప్రాంతంలో వచ్చింది. పద్ధతి చాలా సులువు. ఆశా కార్యకర్తకు ఒక ఫోన్ ఇస్తారు. ఆమె ఊళ్ళో గర్భిణి కనబడగానే పేరు, నెల, రక్తం ఎంత ఉంది, ఇంటి ఫోన్ నంబరు అన్నీ అందులో కొడుతుంది. ఆ తర్వాత పట్నంలో ఎక్కడో ఉన్న కంప్యూటరు, సమయం వచ్చినప్పుడల్లా ఆ నంబరుకు దానంతట అదే ఫోన్ చేసి తెలుగులో చెబుతుంది: అమ్మా, ఎల్లుండి మీ పరీక్ష ఉంది, అమ్మా, ఐరన్ మాత్రలు మానకండి, అమ్మా, మీకు రక్తం తక్కువగా ఉంది, వెంటనే ఆసుపత్రికి రండి. కాల్ వెనకే గర్భిణి పేరుతో ఒక మెసేజ్ కూడా వస్తుంది.

మొదటి ఏడాది పన్నెండు ఊళ్ళలోనే ప్రయోగం. మా ఆరోగ్య కేంద్రాన్నే ఎందుకు ఎంచుకున్నారని చాలామంది అడిగేవారు. మా పనితనం చూసి అని చెప్పుకునేవాళ్ళం. అసలు సంగతేమిటంటే, ఢిల్లీ నుంచో విదేశం నుంచో పెద్దవాళ్ళు పొద్దున విమానం దిగి, అరగంటలో మా దగ్గరికి వచ్చి, ఒక ఊరు చూసి, ఫోటోలు దిగి, సాయంత్రం విమానానికి వెళ్ళిపోవచ్చు. అంతకంటే వెనకబడిన ఊళ్ళు వికారాబాద్ వైపు ఎన్నో ఉన్నాయి. అక్కడికి వెళ్ళాలంటే వాళ్ళకు ఒక రోజు ఎక్కువ పడుతుంది.

బాలమణి

ఆ పన్నెండు ఊళ్ళలో పనిలో అందరికంటే ముందుండేది బాలమణి. తుక్కుగూడ దాటాక ఒక చిన్న ఊరి ఆశా కార్యకర్త. ఏడో తరగతి చదివింది. నోరు పెద్దది, నడక అంతకంటే వేగం. ఆమె రాసిన గర్భిణుల్లో పరీక్షకు రాని మనిషి ఉండేది కాదు. బుధవారం వచ్చిందంటే ఆటోలో నలుగురిని ఎక్కించుకుని, తాను డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ వచ్చేది.

పెద్దవాళ్ళు ఎవరొచ్చినా ఆమె ఊరికే తీసుకెళ్ళేవాళ్ళం. ఒకసారి ఒక విదేశీ మహిళ దుబాసీ చేత అడిగించింది, ఈ ఫోన్ వల్ల నీకేం మేలు జరిగిందని.

"ఇదివరకు నేను పోయి చెప్తే అత్తలు ఇనకపోదురు," అంది బాలమణి. "ఇప్పుడు సర్కారు ఫోన్ చేసిందని చెప్తున్న. ఫోన్ చూపెడుతున్న. ఇగ ఇంటున్నరు."

అందరం నవ్వాం. దుబాసీ దాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చాడో గానీ ఆమె సంతోషంగా రాసుకుంది. బాలమణి చెప్పినదాన్ని ఆ రోజు జాగ్రత్తగా విని ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు. సర్కారు ఫోన్ చేసిందని *తాను పోయి చెబుతున్నానని* ఆమె అంది. మేం ఫోన్ అన్న ముక్క దగ్గరే ఆగిపోయాం.

జాబితా శుభ్రం చేశాను

ప్రయోగం బాగా జరిగిందని మరుసటి ఏడాది పథకాన్ని చుట్టుపక్కల మండలాలన్నిటికీ పెంచారు. జాబితాలు సరిచూసే పని మా పెద్ద డాక్టరు గారు నాకు అప్పగించారు. ఆయన మంచివాడే. కానీ తెర మీద కనిపించినదే లోకమని నమ్మే రకం. ప్రోగ్రాము రాసే కిరణ్ అనే అబ్బాయిది కాకినాడ. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. రోజంతా నా పక్కన కూర్చుని ఓపికగా నేర్పేవాడు.

అలా చూస్తూ ఉంటే ఒక చోట ఒకే ఫోన్ నంబరు ముప్పై ఒక్కమంది గర్భిణుల పేర్ల పక్కన కనబడింది. అది బాలమణి నంబరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఫారాలు ఇంట్లో కూర్చుని నింపిందన్నమాట, పెద్దవాళ్ళందరి ముందు మా పరువు దీని మీద నిలబెట్టామన్నమాట అనుకున్నాను. నెలవారీ సమావేశంలో నలభై మంది ఆశాల ముందు ఆమెను లేపి నిలబెట్టాను.

"ఇదేంది బాలమణీ? ముప్పై ఒక్కమందికి నీ నంబరేనా? వాళ్ళందరు నీ ఇంట్లనే ఉంటున్నరా?"

"గట్ల కాదు మేడం, నంబరు గడి నింపకుంటే ఫారం ముందుకు పోతలేదు. ఫోనేమో మొగోళ్ళ జేబుల..."

"సాకులు చెప్పకు. కూర్చో."

ఆమె కూర్చుంది. అందరూ తల వంచుకున్నారు. నేను కాస్త తల తిప్పి చూసి ఉంటే, చాలామంది అదే పని చేసి ఉండబట్టి తల వంచారని తెలిసేది. క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ సాయంత్రమే కిరణ్‌తో చెప్పాను, ఒక నంబరు ఒక గర్భిణికే ఉండాలి, రెండోసారి కొడితే ఫారం తీసుకోకూడదు అని. "ఒకసారి ఫీల్డులో అడిగి చూద్దామండీ మేడం గారూ," అన్నాడు ఆ పిల్లవాడు. ఫీల్డు నాకు తెలుసు అన్నాను. మర్నాటికి నియమం వచ్చేసింది. డాక్టరు గారు జాబితా శుభ్రంగా ఉందని పై వాళ్ళ ముందు నన్ను మెచ్చుకున్నారు. బాలమణితో నేను చివరగా చెప్పిన మాట కూడా రాయాలి. "ఇగ నువ్వు ఇంటింటికి తిరిగి చెప్పే పనిలేదు. ఫోనే చెప్తది," అన్నాను. ఆమెకు సాయం చేస్తున్నాననుకున్నాను.

ఆశాలు ఫారం ముందుకు కదలడం కోసం భర్తల నంబర్లు, కిరాణా కొట్టు నంబర్లు, ఆటో డ్రైవర్ల నంబర్లు పట్టుకొచ్చి నింపారు. బాలమణి ఫోన్ మోగడం ఆగిపోయింది.

పచ్చ చుక్క

పర్వీన్ పహాడీ షరీఫ్ వైపు కొత్తగా లేచిన కాలనీలో ఉండేది. ఆ కాలనీని బాలమణి పరిధిలో కొత్తగా కలిపాం. పర్వీన్‌కు రెండో కాన్పు. ఐదో నెలలో అత్తతో కలిసి మా కేంద్రానికి వచ్చింది. సన్నటి పిల్ల, మాట తక్కువ. పరీక్షకు రక్తం ఇచ్చి, ఆటో వెళ్ళిపోతుందని తొందరగా వెళ్ళిపోయారు. ఫలితం మర్నాడు వచ్చింది. ఉండవలసిన దానిలో సగం మాత్రమే ఉంది రక్తం. ఇనుము ఎక్కించాలి, వెంటనే రావాలి. బాలమణి ఆ సంఖ్య ఫోన్‌లో కొట్టింది. భర్త సలీం నంబరు అప్పటికే అందులో ఉంది.

కంప్యూటరు తన పని తాను చేసింది. వారానికొకసారి ఫోన్ చేసింది. అవతల ఎత్తితే నా తెర మీద పర్వీన్ పేరు పక్కన పచ్చ చుక్క పడుతుంది. ఎత్తకపోతే ఎర్ర చుక్క. నేను ప్రతి సోమవారం చూసేదాన్ని. పర్వీన్ పేరు పక్కన వరసగా పచ్చ చుక్కలే. ఆమె ఎందుకు రావడం లేదన్న ఆలోచన ఒకసారి నాకు వచ్చింది కూడా. విన్నాక కూడా రాకపోతే మనం మాత్రం ఏం చేస్తాం అనుకుని కిందికి జరిగాను. కింద ఎర్ర చుక్కలు చాలా ఉన్నాయి.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం పర్వీన్‌ను ఆటోలో తీసుకొచ్చారు. నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందడం లేదు. కాళ్ళు వాచాయి. కంటి రెప్ప లాగి చూస్తే లోపల తెల్లటి కాగితంలా ఉంది. అంబులెన్సులో పట్నంలోని పెద్ద దవాఖానకు నేనే తీసుకెళ్ళాను. దారి పొడవునా ఆమె నా చెయ్యి వదలలేదు. "బచ్చా కదుల్తలేదమ్మా, పొద్దటి సంది," అంది రెండుసార్లు. రెండుసార్లూ నేను వినబడనట్టు రక్తం గ్రూపు అడిగాను.

రక్తం ఎక్కించారు. పర్వీన్ బతికింది. బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల.

వరండాలో పర్వీన్ అత్త నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమెకు కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మీరు ఫోన్‌లు చేసిన్రని నర్సమ్మ చెప్తున్నది. మా కోడలికైతే ఒక్కటి రాలే. నాకు రాలే. మీరు ఎవరితోని మాట్లాడిన్రమ్మా?"

గేటు దగ్గర మనిషి

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను, బాలమణి సలీం పనిచేసే గోదాముకు వెళ్ళాం. విమానాశ్రయానికి దగ్గరలో అలాంటివి చాలా ఉన్నాయి. లోపలికి వెళ్ళే పనివాళ్ళు గేటు దగ్గరే ఫోన్ ఇచ్చేసి పోవాలి. షిఫ్టు అయ్యాకే తిరిగిస్తారు. అక్కడ ఒక బల్ల, బల్ల మీద అరలున్న చెక్కపెట్టె, దాని వెనక నడివయసు కాపలా మనిషి ఒకాయన ఉన్నాడు.

సలీం ఫోన్ ఏదంటే తీసి చూపించాడు. మా మెసేజ్‌లన్నీ అందులో తెరవకుండానే పడి ఉన్నాయి; సలీంకు తెలుగు చదవడం రాదని బాలమణి చెప్పింది. పొద్దున పూట ఎవరైనా ఫోన్ చేస్తారా అని అడిగాను.

"ఎందుకు చేయరు మేడం? గిన్ని ఫోన్లు ఒక్కటే మోత. పరేషాన్ అయి ఎత్తుత. గీ ఫోన్లనైతే ఒక ఆడామె గోలీలు మింగుమంటది, రక్తం తక్కువున్నదంటది. నాకెందుకమ్మా గోలీలు అని పెట్టేస్త. ఏదో కంపెనీ యాడ్ అనుకున్న." నవ్వుతూ చెప్పాడు. మా ముఖాలు చూసి నవ్వు ఆపాడు. "ఏమైంది మేడం? ఎవరికన్న ఏమన్న అయిందా?"

బాలమణే చెప్పింది. ఆయన సలీం ఫోన్‌ను తిరిగి దాని అరలో పెట్టాడు. ఆ తర్వాత, "సలీం దినాం పోయేటప్పుడు నా చేతులకెల్లే ఫోన్ తీస్కుంటడు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె," అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ పచ్చ చుక్కలన్నీ ఆయన వేలితో పడ్డవి, వాటిని నమ్మింది నేను.

తిరుగు దారిలో బాలమణి, ఆ రోజు సమావేశంలో నేను చెప్పనివ్వని మాట పూర్తి చేసింది. ఆమె నంబరు పెట్టిన ముప్పై ఒక్కమందికీ ఇంట్లో ఫోన్ చేతికందేది కాదు. అందుకే ఆ కాల్స్ తన ఫోన్‌కు రప్పించుకుని, మెసేజ్‌లో పేరు చూసుకుని, ఆ ఇంటికి నడిచి వెళ్ళి చెప్పేది. మా ప్రయోగం గెలిచింది ఆ కాళ్ళ వల్ల. మేం పెద్దది చేసేటప్పుడు ఫోన్‌ను పెంచి కాళ్ళను తీసేశాం. ఈ రంగంలో ఒక చిన్న చోట బాగా నడిచిన పనిని పది చోట్లకు పెంచాలనుకునేవాళ్ళు, అది అసలు ఎవరి వల్ల నడిచిందో ముందు వెళ్ళి చూడాలి. తెర మీద అది కనబడదు. చాలాసార్లు అది తెరకు తప్పులా కనబడుతుంది.

తర్వాతి సమావేశంలో అదే నలభై మంది ముందు నిలబడి, తప్పు నాది, బాలమణి చేసిందే సరైనది అని చెప్పాను. బాలమణి లేచి, "మీరొక్కరే మీద ఏస్కోకుండ్రి మేడం. ఫోన్ మోగకపోతే నేను గూడ పోలే. నా కాళ్ళకేమైంది?" అని కూర్చుంది. ఆ మాట ఆమెను ఎన్నేళ్ళు కాల్చిందో నాకు తెలుసు. ఆమెను పోవద్దన్నది నేనని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకునేది కాదు.

కిరణ్ రెండు రోజుల్లో నియమం తీసేశాడు. ఫారంలో కొత్త ప్రశ్న చేర్చాడు: పగటిపూట ఈ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? రక్తం తక్కువున్నవాళ్ళ సంగతి ఆశాకు కూడా వెళ్ళేలా చేశాడు. ఆమె ఇంటికి వెళ్ళి చూశానని నొక్కేదాకా చుక్క పచ్చబడదు. డాక్టరు గారు మాత్రం, "పెద్ద ఎత్తున చేసేటప్పుడు ఒకటీ అరా ఇట్లా అవుతాయమ్మా," అన్నారు. నేను జవాబు చెప్పకుండా ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండవలసింది.

నా సన్మాన సభలో పొగిడిన పద్ధతి ఇదే. ఇంతవరకు చెప్పి ఆపేస్తే తప్పు దిద్దుకున్న మనిషిగా మిగులుతాను. ఇంకొకటి ఉంది.

కారణం గడి

బిడ్డ పోతే ఫోన్ పథకంలో ఆ సంగతి నమోదు చేయాలి. అది ఆశా చేసేది కాదు, సూపర్‌వైజర్ చేయాలి. ఒక చిన్న ఫారం. తేదీ, చోటు, చివర్లో కారణం అని ఒక గడి, కింద నా పేరు. దాన్ని తెరిచి కారణం గడి దగ్గర ఆగిపోయాను. రక్తహీనత అని రాస్తే అబద్ధం కాదు. నిజం కూడా కాదు. నిజం రాస్తే అది పై దాకా పోతుంది. నలభై మంది ముందు నోటితో చెప్పడం వేరు, కింద పేరు పెట్టి రాయడం వేరని అప్పుడు తెలిసింది. రేపు రాద్దామని మూసేశాను. మర్నాడూ అంతే. అలా ఐదు వారాలు గడిచాయి.

ఆ ఐదు వారాలూ కంప్యూటరుకు పర్వీన్ గర్భిణే. కాన్పుకు ఇచ్చిన తేదీ దాటగానే బిడ్డ పుట్టిందని అదే లెక్కేసుకుంటుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తట్టలేదు, అంతే.

ఆరో వారంలో బాలమణి, నేను పర్వీన్‌ను చూడటానికి వెళ్ళాం. ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చుని పెసరపప్పు ఏరుతోంది. పక్కన చాప మీద ఫోన్ ఉంది. ఆమెకు మళ్ళీ ఏమైనా అయితే చెప్పడానికని సలీం ఫోన్ ఇంట్లోనే వదిలి డ్యూటీకి పోతున్నాడని అత్త చెప్పింది. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాను. వేసుకుంటున్నానంది. ఆ తర్వాత చేట పక్కన పెట్టి, ఫోన్ వైపు చూపించింది.

"మొన్న మీ ఫోన్ వచ్చిందమ్మా. మొదటిసారి నేనే ఎత్తిన."

"ఏమన్నరు?" అంది బాలమణి.

పర్వీన్ ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "అమ్మా, మీకు బిడ్డ పుట్టినందుకు సంతోషం. ఆరు నెలల దాకా బిడ్డకు మీ పాలే పట్టండి. అన్నరు." తన కొంగు సర్దుకుని నా వైపు చూసింది. "మొత్తం విన్న అమ్మా. పెట్టెయ్యలే. మళ్ళ చేస్తరా?"

"చెయ్యరు," అన్నాను.

అక్కడి నుంచి నేరుగా కేంద్రానికి వచ్చాను. కూర్చోకుండానే ఫారం తెరిచాను. కారణం గడిలో రాశాను: రక్తం తక్కువున్న సంగతి మేము ఈ తల్లికి చెప్పలేదు. చెప్పామనుకున్నాము. కింద నా పేరు పెట్టి నొక్కాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.